సేటమ్మ వరుస అడిగిన తీరు

కాస్త దగ్గరికి జరగండి. చాప మీద చోటు చాలానే ఉంది, గోడకు ఆనుకుంటే నడుముకు సుఖంగా ఉంటుంది. చేతిలో పని ఉంటే తెచ్చుకోండి, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. నేను చెప్పేది పుస్తకాల్లో చదివింది కాదు. మా అనంతగిరి బళ్లో ఐదో తరగతితోనే నా చదువు అయిపోయింది. కాని ఎవరు ఏ మాట అన్నారో, ఏ గొంతుతో అన్నారో నాకు అట్లనే ఉండిపోతుంది.

ఈ పొద్దు సూర్యాపేటలో మా మెస్సులో పప్పుకు పోపు పెడుతున్నాను. ఎల్లిపాయలు ఎర్రబడి వంటిల్లంతా కమ్మటి వాసన. బయట బల్ల దగ్గర రోజూ భోజనానికి వచ్చే పెన్షన్ తాత ఒకాయన ఫోను పెద్దగా పెట్టుకుని మాట్లాడుతున్నాడు. అందులోంచి ఒక మెత్తని గొంతు, "కంగారు పడకండి నాన్నగారూ, నేను మీ కొడుకు లాంటివాణ్ణి" అన్నది. అంతే, నా చేతిలో గరిటె ఆగిపోయింది. పోపు నల్లబడి ఘాటు ముక్కుకెక్కేదాకా నాకు తెలివి లేదు. బయటికి పోయి తాత ఎదురుగా కూర్చుని, "ఎవలు తాతా ఆ కొడుకు?" అన్నాను. తాత నా ముఖం చూసి, ఫోను చూసి, మెల్లగా పెట్టేశాడు. ఆ మాట నేను అడిగింది కాదు. నా నోట్లోంచి మిర్యాలగూడ సేటమ్మ అడిగింది.

మీరు ఆమెను చూడలేదు. పొట్టి మనిషి, కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. ఊరంతా సేటమ్మ అనేవారు, ఎందుకంటే ఆమె భర్త ధాన్యం కమీషన్ వ్యాపారం చేసిన సేటు. ఆయన పోయాక దుకాణం మూసేశారు. మిగిలింది మిల్లుల వైపు ఉన్న ఒక్క ఇల్లు. నడిమి గదుల్లో ఆమె, ముందు గదిలో ఒక కిరాయిదారు, వెనక రెండు గదుల్లో మేము. మా ఆయన అప్పట్లో మిల్లు లారీ నడిపేవాడు. ఆ కిరాయిలే ఆమె బువ్వ, ఆమె గోలీలు, ఆమె మర్యాద. ఒక్కతే బిడ్డ ఉమ, కోదాడలో అత్తగారింట్లో ఉండేది. గాలి ఇటు తిరిగితే ఊక దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. సేటమ్మ వాటిని దులుపుతూ, "మిల్లు తిరుగుతుంది, ఊరు తింటుంది, దులుపుకుంటే ఏం పోయింది" అనేది.

మేము ఇల్లు అడగడానికి పోయిన రోజు ఆమె గది చూపించలేదు, కిరాయి చెప్పలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, "ఎవల బిడ్డవే నువ్వు?" అన్నది.

"మాది అనంతగిరి అమ్మా. మా నాయన పేరు వెంకటయ్య."

"కోదాడ కాడి అనంతగిరేనా? తాత పేరేంది?"

"ముత్తయ్య."

"చెవులకు పోగులు, బండికి తెల్లెడ్లు. గా ముత్తయ్యేనా?" అని నవ్వింది. "మా ఆయన ముందు కోదాడలనే దుకాణం పెట్టిండు. మీ తాతను కాకా అని పిలుస్తుండె. అంటే మీ నాయన మా ఆయనకు తమ్ముడు, నువ్వు నాకు బిడ్డవు. నన్ను పెద్దమ్మ అను. కిరాయి మాత్రం నెల మొదట్లనే ఇయ్యాలె, బిడ్డవని ఇడిసిపెట్ట."

కులం వేరు, ఊరు వేరు. అయినా ఆ అరుగు మీద నాకు ఒక వరుస దొరికింది. ఆమెకు అది సరదా కాదు, అదే ఆమె పద్ధతి. పాలవాడైనా, కరెంటు మీటరు చూసేవాడైనా, పైపు బాగుచేసేవాడైనా ముందు ఊరు చెప్పాలి, నాయన పేరు చెప్పాలి, వరుస కలవాలి. ఆ తర్వాతే పని. "వరుస కలిసినోడు మాట తప్పితే వాళ్ల నాయన ముందట తల దించాలె మంగా. ఊరు లేదు, నాయన లేడు అన్నోడు ఎవల ముందట దించుతడు?" అనేది. నేను అప్పట్లో అది పాతకాలపు చాదస్తం అనుకున్నాను. చాదస్తమో కాదో ఒక మధ్యాహ్నం తెలిసింది.

ఆమె అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. ఫోను మోగితే నన్నే స్పీకరు నొక్కమన్నది, అందుకని రెండు వైపుల మాటలూ విన్నాను.

"మేడమ్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఏటీఎం కార్డు ఈ రోజుతో బ్లాక్ అయిపోతుంది."

"అట్లనా నాయినా. ఎవల పిలగానివి?"

"నేను హెడ్డాఫీసు నుంచి మేడమ్."

"హెడ్డాఫీసు నిన్ను కనలే గద. మీ నాయన పేరేంది?"

"టైము లేదు మేడమ్. కార్డు మీద ఉన్న అంకెలు చెప్పండి."

"చెప్త, అంకెలు యాడికి పోతయ్. మీదే ఊరు?"

"హైదరాబాద్."

"అది అందరు పోయే ఊరు. మీ తాత పుట్టిన ఊరు చెప్పు."

అటువైపు గొంతులో జోరు తగ్గింది. నీరసంగా, "ఖమ్మం దగ్గర" అన్నాడు.

"ఖమ్మం దగ్గర ఏ ఊరు? మా ఆడబిడ్డను అటే ఇచ్చిన్రు. నీ పెండ్లయిందా నాయినా?"

ఫోను టక్కున ఆగిపోయింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. సేటమ్మ నవ్వలేదు. చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "పాపం, కన్నోళ్ల పేరు చెప్పనీకి మొహం చెల్లలే పిలగానికి" అన్నది.

అన్నీ ఇట్లా నవ్వుతో పోవు. ముందు గదిలో ఉండే నర్సయ్య ఒకప్పుడు మిల్లులో బస్తాలు మోసిన హమాలీ. ఆయన భార్య పెద్దవూరలో కూతురి దగ్గర ఉండేది, ఆమెకు కంటి ఆపరేషను చేయించాలని ఆయన పైసా పైసా వెనకేసి బ్యాంకులో పెట్టాడు. ఒకనాడు డబ్బు తీద్దామని ఏటీఎంకు పోతే, వెనకాల నిలబడ్డ కుర్రాడొకడు "నేను నీ మనుమని లాంటోన్ని తాతా, ఇటియ్యి" అని కార్డు తీసుకున్నాడు, నంబరు అడిగాడు, మిషన్ పని చేయడం లేదని చెప్పి ఇంకెవరిదో కార్డు చేతిలో పెట్టి పోయాడు. ఖాతా ఖాళీ అయింది. నర్సయ్య ఎవరికీ చెప్పలేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. రోజూ వచ్చి తీసుకునే మజ్జిగ గ్లాసుకు రాకపోతే సేటమ్మకు అనుమానం వచ్చి, పీట తీసుకుపోయి ఆయన గడప ముందు వేసుకుని కూర్చున్నది. చెప్పేదాకా లేవనన్నది.

"ఏం చెప్పనమ్మా," అన్నాడు చివరికి. "గింత ముసలోన్నై మోసపోయిన. నవ్వరా నలుగురు?"

"ఎత్తుకపోయినోడు చాయ తాగుకుంట బజార్ల తిరుగుతుండు. నువ్వు దుప్పటి కప్పుకున్నవ్. వానికి లేని సిగ్గు నీకెందుకు నర్సయ్యా? లే."

అప్పటికప్పుడు ఆటోలో బ్యాంకుకు, అక్కణ్నుంచి పోలీసుస్టేషనుకు తీసుకుపోయింది. నేనూ పోయాను. కొంత సొమ్ము తిరిగి వచ్చింది, కొంత రాలేదు. ఆపరేషను మాత్రం ఆగలేదు. ఆ రోజు ఆటోలో వస్తూ ఆమె అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. "లాంటోడు అన్నకాడనే ఆగాలె నర్సయ్యా. మనుమడు మనుమడే. ఉన్న వరుసకు 'లాంటి' అక్కరలేదు." తర్వాత నర్సయ్య సిగ్గు వదిలి మిల్లు గేటు దగ్గర కూర్చుని పాత హమాలీలందరికీ తన కథ తానే చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆ కుర్రాడి తల మీద ఒక కొమ్ము ఎక్కువ మొలిచేది, అది వేరే సంగతి.

ఇంత తెలిసిన మనిషి ఇల్లే చేజారబోయింది. చేయి పెట్టింది ఫోనులో గొంతు కాదు, ఊరూ పేరూ లేనివాడూ కాదు. సొంత అన్న కొడుకు శ్రీధర్. సూర్యాపేటలో సిమెంటు దుకాణం పెట్టాడు. చిన్నప్పటి నుంచి "అత్తా" అని పిలిచే మేనల్లుడు. వరుస అడగాల్సిన పనే లేదు, అందుకే సేటమ్మ వాకిలి బార్లా తెరిచింది. ముందు పండ్లు తెచ్చాడు. తర్వాత కొత్త ఫోను తెచ్చి, పాతది తీసుకుపోయాడు. "బ్యాంకు లైన్ల నిలబడుడు ఎందుకు, నేను తెచ్చిస్త గద" అని కార్డు జేబులో వేసుకున్నాడు. ఉమ ఫోను రావడం తగ్గింది. సేటమ్మ పైకి ఏమీ అనకపోయినా, పొద్దున లేవగానే ఫోను తిప్పి తిప్పి చూసేది.

ఒకరోజు నేను నల్లా దగ్గర గిన్నెలు తోముతుంటే నడిమి గదిలోంచి "అమ్మా, గోలీలు ఏసుకున్నవా?" అని వినపడింది. ఉమకు అన్నదమ్ములు లేరు కదా, ఎవరా అని తొంగి చూస్తే శ్రీధర్. ఆ రోజు నుంచి అమ్మా అంటేనే పిలుపు. వచ్చినా అమ్మా, పోయినా అమ్మా. సేటమ్మ ముఖం వెలిగిపోయేది. కొంత కాలానికి ఆమే నాతో చెప్పింది, "రేపు రిజిస్ట్రీ ఆఫీసుకు పోతున్న మంగా. మావోడు దుకాణం పెంచుతడట, లోనుకు జామీను పడాలె. జామీను అడిగితే కాదన్న ఇల్లు కాదు మాది."

కాగితాల సంగతి నాకేం తెలుసు? నాకు తెలిసింది ఒక్కటే, అది ఆమె నేర్పిందే. "పెద్దమ్మా, శ్రీధర్ బావ నీకు మేనల్లుడు గద. వరుస ఎందుకు మార్చిండు?" అన్నాను.

ఆమె గిర్రున తిరిగింది. "కొడుకు లేనిదాన్ని. ఒక్కడు అమ్మా అంటె నీకేం కుళ్లు? నీ పని నువ్వు సూసుకో" అని తలుపు వేసుకున్నది. అంత కటువుగా ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను గిన్నెల ముందు కూర్చుని ఏడ్చాను, చెప్పడానికేం.

తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే వచ్చి మెట్టు మీద కూర్చున్నది. ముఖం వాడిపోయి ఉంది. "మంగా, వాడు అమ్మా అనుడు ఎప్పటిసంది మొదలుపెట్టిండు?"

"ఇంటి కాయితాలు జిరాక్సుకని తీస్కపోయిన కాణ్నుంచి పెద్దమ్మా."

కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నది. తర్వాత, "మల్ల ఉమకు ఎట్ల చెప్పుకోను? ఊరందరికి చెప్పేదాన్ని, నేనే గిట్ల అయితి" అన్నది.

"వానికి లేని సిగ్గు నీకెందుకు?" అన్నాను. నా మాట కాదు కదా, ధైర్యంగానే వచ్చింది.

ఆమె ఒక్కసారి నా వైపు చూసి, "నా గుంజకే నన్ను కట్టేస్తున్నవా" అని చిన్నగా నవ్వింది. మా ఆయన ఫోను అడిగి ఉమకు కలపమన్నది. ఉమ గొంతు వినగానే, "ఎందుకు చేస్తలేవే నాకు?" అన్నది. కోదాడలో ఉండి ఉండి ఉమ మాట కాస్త ఆంధ్ర వైపు ఒరిగింది. "అదేంటమ్మా? నీకు నా మీద కోపమనీ, ఫోన్ చెయ్యొద్దన్నావనీ శ్రీధర్ చెప్పాడుగా!" అని ఏడ్చింది. సేటమ్మ ఫోను నా చేతికిచ్చింది. లోపలికి పోయి మంచి చీర కట్టుకుని వచ్చింది.

శ్రీధర్ కారు వచ్చేసరికి అరుగు మీద నర్సయ్య ఉన్నాడు, పక్కింటివాళ్లు ఉన్నారు, నేను చాయ పోస్తున్నాను. చాయకని ఆమే అందరినీ పిలిచింది. శ్రీధర్ నవ్వుతూ, "తయారైనవా అమ్మా, పోదామా?" అన్నాడు.

"కూసో నాయినా. ఒక ముచ్చట అడుగుత. నేను నీకేమైత?"

"అదేం మాట, అమ్మవు."

"మరి మా వదిన ఏమైతది? నిన్ను కన్నది?"

"ఆమె గూడ అమ్మనే."

"ఆమెకు సూర్యాపేటల ఇల్లుండె గద. జామీను ఆమెను అడగకపోయినవా? కన్నతల్లి కాదంటదా?"

శ్రీధర్ చాయ గ్లాసు కింద పెట్టాడు. "ఆమె పేరు మీద ఇప్పుడేం లేదు."

"మా అన్న పోయేనాటికి ఉండె. ఎవల పేరు మీదికి పోయింది?"

శ్రీధర్ ముఖం ఎర్రబడింది. "అన్నీ నేనే సూసుకోవాలె గద! ఆమె రాసిచ్చింది, నేను సూసుకుంటలేనా? నువ్వు రాసిస్తే నీకేం తక్కువ జేస్త?"

"రాసిచ్చుడేంది? జామీను అన్నవ్ గద నాయినా."

నోరు జారింది అతనికీ తెలిసిపోయింది. లేచి నా వైపు వేలు చూపించి, "ఈ కిరాయోళ్లు నీ చెవులు కొరుకుతున్నరు" అని అరిచాడు.

"కిరాయోళ్లు నెలనెలా కిరాయి ఇస్తరు," అన్నది సేటమ్మ. గొంతు పెంచలేదు. "ఈ పిల్ల వచ్చిన్నాటి సంది నన్ను పెద్దమ్మ అన్నది, ఇయ్యాల్టికీ పెద్దమ్మనే అంటది. నువ్వు కన్నతల్లి కాడ ఆస్తి ఖతమైనంక నన్ను తల్లిని చేసుకున్నవ్. నా కార్డు ఈడ పెట్టు. నీకు అత్తను కావాలనుకున్ననాడు మల్ల రా. వాకిలి ఈడనే ఉంటది."

అతను కార్డు అరుగు మీద విసిరి పోయాడు. కారు మలుపు తిరిగేదాకా ఆమె నిటారుగానే ఉంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుంటే నేనూ పక్కన కూర్చున్నాను. నర్సయ్య కళ్లు తుడుచుకుంటూ, "నా మనుమని లాంటోనికంటే వీడు నయమమ్మా, మొహం చూపించి అడిగిండు" అన్నాడు. ఆ మాటకు ఆమె అంత బాధలోనూ పక్కున నవ్వింది.

ఇల్లు నిలిచింది కదా, ఇంకొకరైతే అక్కడితో ఆగేవారు. నేను ఆమెను తలచుకుని గర్వపడేది ఆ తర్వాతి దానికి. ఉమ వచ్చి కొన్నాళ్లుండి వెళ్లిన తర్వాత, సేటమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సులో సూర్యాపేట పోయింది, వదిన కౌసల్యమ్మను చూడటానికి. తన సొంతమైన ఇంట్లో ఆ తల్లి మెట్ల కింది గదిలో ఉంటున్నది. "మావోడు మంచోడే వదినా, పని ఒత్తిడి" అని ఏదో కప్పిపుచ్చబోయింది. సేటమ్మ ఆమె చేయి పట్టుకుని, "ఆ సిగ్గు నువ్వు మోయకు వదినా, నీది కాదు" అన్నది. ఆ తల్లి అప్పటిదాకా ఎన్నాళ్లు ఆపుకున్నదో, సేటమ్మ భుజం మీద పడి చిన్నపిల్లలాగా ఏడ్చింది. ఆ సాయంత్రం బస్సుకే మిర్యాలగూడ తీసుకొచ్చాం. పెద్దవాళ్లను చూసుకుంటామని ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే అడిగే చట్టం ఉందని ఉమ భర్త కనుక్కుని చెప్పాడు. ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టించారు. శ్రీధర్‌కు నోటీసు పోయింది.

ఒక మధ్యాహ్నం అతను వచ్చాడు. కారు లేదు, నడిచి వచ్చాడు. గేటు బయట నిలబడి, "అమ్మా!" అని పిలిచాడు.

సేటమ్మ కూర తరుగుతున్నది. తల ఎత్తకుండా, "ఇంట్ల ఇద్దరం ఉన్నం. ఏ అమ్మను పిలుస్తున్నవ్?" అన్నది.

కౌసల్యమ్మ లేవబోతే సేటమ్మ చేయి అడ్డం పెట్టింది. అప్పుడు గేటు దగ్గర నుంచి వినపడింది. "అత్తా, మా అమ్మను తీస్కపోదామని వచ్చిన."

"గిప్పుడు సరిగ పిలిచినవ్. లోపటికి రా."

అన్నం పెట్టింది. తింటుండగానే చెప్పింది, ఇల్లు మళ్లీ తల్లి పేరు మీద రాసి వచ్చి అప్పుడు తీసుకుపొమ్మని. అతను రాసి వచ్చాడు. నోటీసుకు భయపడి రాశాడో, మనసు మారి రాశాడో నాకు తెలియదు. నేను అడిగితే సేటమ్మ, "లోపలి సంగతి నాకెందుకే, పిలుపు సరిగున్నది" అన్నది.

తర్వాత మేము సూర్యాపేట వచ్చి మెస్సు పెట్టుకున్నాం. పోయిన ఎండాకాలం సేటమ్మ తన ఇంట్లో, తన నడిమి గదిలో, తన మంచం మీదనే కన్నుమూసింది. ఆమెను భయపెట్టి సంతకం పెట్టించిన వాడు లేడు, దయతలచి చోటిచ్చిన వాడూ లేడు. పాడె ఎత్తేటప్పుడు ముందు కొమ్ము పట్టుకున్న శ్రీధర్‌ను చూసి ఎవరో కొత్తాయన, "కొడుకా?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. శ్రీధర్ భుజం సర్దుకుని, "కాదు. మా మేనత్త" అన్నాడు.

నా దగ్గర ఆమె వస్తువేదీ లేదు. ఈ చెవి ఉంది. ఎక్కడ పిలుపు మారినా ఇది నిక్కబొడుచుకుంటుంది. మా మెస్సుకు వచ్చే ముసలివాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు, అన్నం కంటే ముందు ఊరూ పేరూ వడ్డిస్తానని. నవ్వనీయండి.

ఇగ లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి పెద్దల తాళంచెవి వాళ్ల కొంగునే ఉండాలి, వాళ్ల మాట వాళ్ల నోటనే రావాలి. మీ ఇంట్లో అత్త అత్తగా, అమ్మ అమ్మగా నిండు నూరేళ్లు పిలిపించుకోవాలి. మీ పొయ్యి మీద అన్నం ఎప్పుడూ ఒకరికి మిగిలేటట్టు ఉడకాలి. చల్లగా ఉండండి.